జనవరి 1న హ్యాంక్ విలియమ్స్ చనిపోయాడని చెప్పొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆన్‌లైన్ తెలుగు రేడియోలో 'ఈ రోజు' అనే పది నిమిషాల శీర్షిక చేస్తున్నారు. జనవరి 1కి అమెరికా కంట్రీ మ్యూజిక్ తీసుకున్నారు. పాతిక సంఘటనలున్న లిస్టు ఒకటి దొరికింది కానీ వాటిలో ఒకదానికొకటి పొంతన లేదు, తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి?

పాతిక వద్దండీ. మూడు తీసుకోండి. పది నిమిషాల్లో పాతిక చదివితే అది రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ అవుతుంది, ఎవరి బండి వాళ్లు వెతుక్కుంటారు. జనవరి 1 అదృష్టం ఏంటంటే, ఆ రోజు జరిగిన మూడు పెద్ద విషయాలు ఒకదాన్నుంచి ఒకటి పుట్టినట్టు ఉంటాయి. 1953లో కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ మరణం, 1959లో ఒక జైల్లో ఇంకో గాయకుడు జానీ క్యాష్ కచేరీ, 1997లో పాటలు రాసి పాడే టౌన్స్ వాన్ జాంట్ మరణం. ఈ మూడింటినీ కలిపే దారం ఉంది, కిందకి వచ్చేసరికి చెప్తాను. ముందు జాగ్రత్త ఒకటి: ఈ మూడు తేదీల్లో రెండింటి దగ్గర కాలు జారే చోటుంది. నేను జారాను కూడా.

నా సంగతి రెండు ముక్కలు. మా నాన్న రైల్వేలో పనిచేసేవారు, చిన్నప్పుడు లాలాగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ ఆంటీ. డిసెంబర్ 31 రాత్రి వాళ్లింట్లో డాన్సులు, కేకు, గోల. తెల్లారి జనవరి 1న అందరూ నిద్రలేవక ముందు ఆంటీ ఒక్కతే వరండాలో కూర్చుని జిమ్ రీవ్స్ రికార్డు పెట్టుకునేది, చాలా తక్కువ సౌండుతో. కంట్రీ మ్యూజిక్ అనే పేరు ఒకటుందని నాకు తెలియడానికి చాలా ఏళ్ల ముందే ఆ గొంతు తెలుసు. తర్వాత అమెరికా వచ్చాక పదకొండేళ్లు వారాంతాల్లో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో పాత కంట్రీ పాటల కార్యక్రమం చేశాను. కాబట్టి నేను చెప్పేది సగం చదివింది, సగం శ్రోతల చేత చీవాట్లు తిని నేర్చుకున్నది.

మొదట హ్యాంక్. మీ పది నిమిషాల్లో అయిదు ఈయనకే ఇవ్వండి.

1923 సెప్టెంబర్ 17న అలబామాలో పుట్టాడు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం. జీవితమంతా నడుం నొప్పి, దానికి మందులు, వాటి మీద తాగుడు. చిన్నతనంలో గిటారు, పాటల నడక నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఊళ్లో ఆయన్ని టీ-టాట్ అనేవాళ్లు. తెల్లవాళ్ల సంగీతం అని పేరుపడ్డ దాని వేళ్లలో ఈయన లాంటివాళ్లు ఉన్నారని మీ శ్రోతలకు ఒక్క వాక్యంలోనైనా చెప్పండి. 1949 జూన్ 11న నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కాడు. ఆప్రీ అంటే శనివారం రాత్రి రేడియోలో వచ్చే కచేరీ. కంట్రీ గాయకుడికి అక్కడ పాడటం అంటే మన దగ్గర త్యాగరాజ ఆరాధనలో కచేరీ దక్కినంత గౌరవం. 1952 ఆగస్టులో అదే ఆప్రీ ఆయన్ని తీసేసింది. తాగి రావడం, అసలు రాకపోవడం. మూడేళ్ల చిల్లరలో శిఖరం, పతనం రెండూ అయిపోయాయి.

ఇక ఆ చివరి ప్రయాణం. డిసెంబర్ 31న వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో కచేరీ, జనవరి 1న ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో ఇంకోటి. అలబామాలోని మాంట్‌గమరీ నుంచి లేత నీలం రంగు 1952 క్యాడిలాక్‌లో బయల్దేరాడు. బండి నడిపింది చార్ల్స్ కార్ అనే కాలేజీ కుర్రాడు, వాళ్ల నాన్నకి టాక్సీల వ్యాపారం. వాతావరణం ఘోరంగా ఉంది. 31న టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ నుంచి విమానం ఎక్కారు, అది ముందుకు పోలేక వెనక్కి తిరిగొచ్చేసింది. చార్ల్‌స్టన్ కచేరీ పోయింది. నాక్స్‌విల్‌లో ఆండ్రూ జాన్సన్ హోటల్లో దిగారు. ఒంట్లో బాగాలేదంటే డాక్టర్ వచ్చి మార్ఫిన్ కలిపిన విటమిన్ బీ12 ఇంజెక్షన్లు రెండు ఇచ్చాడు. రాత్రి పదకొండు కొట్టకముందే మళ్లీ బయల్దేరాలి, ఎందుకంటే మర్నాడు క్యాంటన్‌లో పాడాలి. హోటల్ సిబ్బంది ఆయన్ని మోసుకొచ్చి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు.

ఇక్కడ నెమ్మదించండి. కొంచెం దూరం పోయాక టెన్నెసీలోనే ఒక పోలీసు ఆ కారుని ఆపాడు. వెనక సీట్లో మనిషిని చూసి, ఈయన చచ్చిపోయినట్టున్నాడే అని అనుమానపడ్డాడు. నిద్రమందు వేసుకుని నిద్రపోతున్నాడని కుర్రాడు చెప్పాడు. జరిమానా 25 డాలర్లు కట్టి వదిలించుకున్నారు. తర్వాత బ్లూఫీల్డ్ అనే ఊళ్లో ఆగి, సాయానికి ఇంకో డ్రైవర్ని ఎక్కించుకున్నారు. అక్కడ హ్యాంక్ లేచి మాట్లాడాడనే చార్ల్స్ కార్ తర్వాత చెప్పాడు. తెల్లవారుజామున వెస్ట్ వర్జీనియాలో ఓక్ హిల్ దగ్గరికొచ్చేసరికి, ఆయన మీద కప్పింది జారిపోయిందని కుర్రాడు ఒక చెయ్యి వెనక్కి చాచి సర్దబోయాడు. హ్యాంక్ చెయ్యి తగిలింది. చల్లగా, బిగుసుకుపోయి ఉంది. పెట్రోలు బంకులో దారి అడిగి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఉదయం ఏడింటికి మరణించినట్టు ధ్రువీకరించారు. వయసు 29. కార్లో బీరు డబ్బాలు, సగం రాసిన ఒక పాట కాయితం దొరికాయి.

ఇప్పుడు మీరు మైకు ముందు ఏమంటారు? "జనవరి 1, 1953న హ్యాంక్ విలియమ్స్ మరణించారు" అంటే తప్పు పట్టలేరు, కాయితాల మీద ఉన్న తేదీ అదే. కానీ ఆ తేదీ డాక్టరు చూసిన క్షణానిది. ఊపిరి ఆగింది ఎప్పుడో ఎవరూ చూడలేదు. పోలీసు అనుమానం నిజమైతే ఇంకా టెన్నెసీ దాటక ముందే, పాత సంవత్సరంలోనో కొత్త సంవత్సరం మొదటి నిమిషాల్లోనో పోయి ఉండాలి. చార్ల్స్ కార్ చెప్పింది నిజమైతే బ్లూఫీల్డ్ తర్వాత. ఇద్దరిలో ఎవరు కరెక్టో తేల్చే సాక్ష్యం లేదు. నేనైతే "జనవరి 1 ఉదయం ఏడింటికి, ఆయన లేడని తేలింది" అంటాను. మాట చిన్నదే, కానీ ఆ రాత్రి మొత్తం దాంట్లోకి వచ్చేస్తుంది. మన ఊళ్లో ముసలాళ్లు నిద్రలో పోతే తిథి ఏది పెట్టాలని పురోహితుడి దగ్గర జరిగే చర్చ మీ శ్రోతలకు కొత్త కాదు. ఇదీ అదే సమస్య.

మీ లిస్టులో "చావుని ముందే పాడుకున్న గాయకుడు" అని ఒకటి ఉంది చూశారా, దాన్ని అలా చదవకండి. హ్యాంక్ చనిపోయేటప్పటికి దుకాణాల్లో ఉన్న కొత్త రికార్డు పేరు 'ఐల్ నెవర్ గెట్ అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్ అలైవ్'. ఈ లోకం నుంచి ప్రాణాలతో బయటపడను అని. పేరు వింటే ఒళ్లు జలదరిస్తుంది కానీ అది వేళాకోళం పాట. ఏది పట్టుకున్నా కలిసిరాని దురదృష్టవంతుడి గోల, నవ్వుకోడానికి రాసింది. జోస్యం లేదు, పాడూ లేదు. నిజంగా మనసు కలుక్కుమనేది ఆ పాట రికార్డింగు కబురు. దాంట్లో గిటారు వాయించిన చెట్ ఆట్కిన్స్ తర్వాత గుర్తుచేసుకున్నాడు: హ్యాంక్ ఎంత నీరసంగా ఉన్నాడంటే, ఒక్కో టేక్ అవగానే కుర్చీలో కూలబడిపోయేవాడట. జోకు పాట పాడుతూ ఆ స్థితి. ఆయన పోయాక ఆ జనవరిలోనే అది చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది.

క్యాంటన్‌లో ఏమైందో చెప్పకుండా వదలొద్దు. జనం హాల్లో కూర్చున్నారు. హ్యాంక్ విలియమ్స్ లేడని ప్రకటిస్తే కొందరు నవ్వారు. మళ్లీ ఎగ్గొట్టాడు, ఈసారి పెద్ద సాకే దొరికింది అనుకున్నారు. ఎన్నిసార్లు మోసపోయి ఉంటారో మరి. అప్పుడు హాక్‌షా హాకిన్స్, మిగతా కళాకారులు కలిసి హ్యాంక్ రాసిన భక్తి పాట 'ఐ సా ది లైట్' అందుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి. ఆ హాకిన్స్ పదేళ్లు దాటాక, 1963 మార్చి 5న, గాయని ప్యాట్సీ క్లైన్‌తో పాటు టెన్నెసీలో క్యామ్డెన్ దగ్గర విమానం కూలి పోయాడు. మార్చి 5 మీ శీర్షికకి ఇంకో రోజు, దాన్ని అప్పటికి దాచుకోండి. అది చేసేటప్పుడు ఈ క్యాంటన్ కబురు ఒకసారి గుర్తుచేస్తే, రెండు నెలల క్రితం మీ కార్యక్రమం విన్నవాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

జనవరి 4న మాంట్‌గమరీలో అంత్యక్రియలు. హాల్లో పట్టినవాళ్లు మూడు వేల లోపే, బయట వేలకు వేలు. ఆప్రీ నుంచి ఎర్నెస్ట్ టబ్, రాయ్ ఏకఫ్, రెడ్ ఫోలీ వచ్చి పాడారు. ఉద్యోగం పీకిన ఆప్రీ మనుషులే శవపేటిక పక్కన నిలబడ్డారు. రెండు రోజులకి, జనవరి 6న, ఆయన కూతురు జెట్ విలియమ్స్ పుట్టింది. తన తండ్రి ఎవరో ఆమెకి పెద్దయ్యాక గానీ తెలియలేదు, వారసత్వం కోసం కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ కారు ఇప్పటికీ మాంట్‌గమరీలో హ్యాంక్ మ్యూజియంలో ఉంది. 2010లో పులిట్జర్ పురస్కారాల వాళ్లు ఆయనకి ప్రత్యేక గౌరవం ఇచ్చారు. ఇవన్నీ మీకు తెలియడం కోసం, అన్నీ చదవక్కర్లేదు.

రెండోది శాన్ క్వెంటిన్. నేను జారింది ఇక్కడే. కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ జైల్లో జానీ క్యాష్ కొత్త సంవత్సరం రోజు ఖైదీల కోసం పాడాడు. వాళ్లలో ఒక కుర్రాడు మెర్ల్ హాగర్డ్, తర్వాత తనూ పెద్ద కంట్రీ గాయకుడయ్యాడు. ఒక జనవరి 1న నేను దీన్ని 1958 అని చదివేశాను, నా ముందున్న కాయితంలో అలాగే ఉంది మరి. పాట పూర్తి కాకముందే ఫోన్ మోగింది. లారీ నడిపే పెద్దాయన, గొంతులో కోపం లేదు. "బాబూ, మెర్ల్ ఆ జైలుకి వచ్చిందే ఆ ఫిబ్రవరిలో, జనవరిలో క్యాష్‌ని గోడ బయట నుంచి విన్నాడా?" అన్నాడు. నా చెవులు ఎర్రబడ్డాయి. హాగర్డ్‌ని శాన్ క్వెంటిన్‌కి పంపింది 1958 ఫిబ్రవరిలో. విడుదల 1960లో. కాబట్టి ఆయన చూసిన జనవరి 1 కచేరీ 1959దే అవ్వాలి. అప్పటినుంచి ఏ తేదీ చదివినా, ఆ మనిషి ఆ రోజు అక్కడ ఉండే వీలుందా అని ఒక్కసారి లెక్క వేసుకుంటాను. మీకు చెప్పగలిగిన పనికొచ్చే సూత్రం ఇదొక్కటే, మిగతాదంతా కబుర్లే.

ఇంకో గందరగోళం: క్యాష్ ప్రసిద్ధ జైలు రికార్డులు రెండూ దీనికి చాలా తర్వాతవి. ఫోల్సమ్ జైల్లో రికార్డు చేసింది 1968 జనవరి 13న, శాన్ క్వెంటిన్‌లో 1969 ఫిబ్రవరి 24న. వాటిని తీసుకొచ్చి ఈ కొత్త సంవత్సరం కచేరీకి అంటించకండి.

హాగర్డ్ కథ రైల్వే వాళ్లింట్లో పుట్టిన నాకు మరీ దగ్గర. వాళ్ల నాన్న శాంటా ఫే రైల్వేలో పనిచేసేవాడు. బేకర్స్‌ఫీల్డ్ పక్కన ఆయిల్‌డేల్‌లో పాత గూడ్సు పెట్టెనే ఇల్లుగా మార్చుకుని బతికారు. మెర్ల్‌కి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు, ఆ తర్వాత పిల్లాడు చేతికి చిక్కలేదు. జైలుకి పంపిన దొంగతనం గురించి ఆయనే చెప్పుకునేవాడు: ఫుల్లుగా తాగి, అర్ధరాత్రి అయిందనుకుని ఒక హోటల్ వెనక తలుపు పగలగొడుతున్నారు. తీరా చూస్తే హోటల్ ఇంకా మూయలేదు, లోపల జనం భోంచేస్తున్నారు. టైము చూసుకోని దొంగ. తేదీల శీర్షిక చేస్తున్నారు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది.

ఆ రోజు క్యాష్‌కి గొంతు పోయింది. ముందు రాత్రి హడావిడి ఫలితం. అయినా ఖైదీలని గుప్పిట్లో పెట్టుకున్నాడు, గార్డులని లెక్కచేయనట్టు చూయింగ్ గమ్ నములుతూ పాడాడు. గొంతు లేకుండా ఒక మనిషి వేలమందిని ఎలా పట్టేశాడన్నదే హాగర్డ్‌కి పాఠం అయింది. పదేళ్ల తర్వాత క్యాష్ టీవీ కార్యక్రమంలో ఇద్దరూ కూర్చున్నప్పుడు, శాన్ క్వెంటిన్‌లో ఆ కచేరీకి నేనూ ఉన్నానని హాగర్డ్ అంటే, నువ్వు పాడినట్టు గుర్తులేదే అన్నాడు క్యాష్. నేను కింద జనంలో ఉన్నాను అన్నాడు హాగర్డ్. తన జైలు సంగతి బయటపడితే ఎక్కడ పాటలు ఆగిపోతాయోనని ఎన్నో ఏళ్లు టెన్షన్ పడ్డ మనిషి, దేశమంతా చూస్తుండగా చెప్పేశాడు. 1972లో కాలిఫోర్నియా గవర్నర్ రొనాల్డ్ రీగన్ ఆయనకి పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు.

ఇంక దారం. 1983లో విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ కలిసి పాడిన 'పాంచో అండ్ లెఫ్టీ' కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. విల్లీకి ఆ పాట దొరికేసరికి హాగర్డ్ నిద్రలో ఉన్నాడట. అర్ధరాత్రి దాటాక లేపి స్టూడియోకి తెచ్చి తన వంతు పాడించారు. పాట పూర్తిగా అర్థం కూడా కాకుండానే పాడేశానని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఆ పాట రాసింది టౌన్స్ వాన్ జాంట్. వీడియోలో చిన్న వేషంలో కనిపిస్తాడు కూడా. టెక్సాస్‌లో డబ్బున్న కుటుంబంలో పుట్టి, కట్టెలపొయ్యి గుడిసెల్లో బతికి, పాతికముప్పై మంది కూర్చునే బార్లలో పాడుతూ తిరిగిన మనిషి. తను పెద్దగా అమ్ముడుపోలేదు, తన పాటలు ఇతరుల గొంతుల్లో అమ్ముడుపోయాయి. హ్యాంక్ విలియమ్స్ అంటే ఆయనకి ప్రాణం, ఆయన పాటలు కచేరీల్లో పాడేవాడు. మందు విషయంలో కూడా ఆ దారే పట్టాడు.

1996 చివర్లో తుంటి దెబ్బ తగిలితే రోజుల తరబడి ఆస్పత్రికి వెళ్లలేదు. చివరికి ఆపరేషన్ చేయించుకుని నాష్‌విల్ దగ్గర స్మిర్నాలో ఇంటికి చేరాడు. 1997 జనవరి 1న అక్కడే గుండె ఆగింది. వయసు 52. హ్యాంక్ పోయి అప్పటికి 44 ఏళ్లు, తేదీ అదే. దీన్ని విధి లీల అంటూ గొంతు బరువు చేసుకుని చదివేవాళ్లున్నారు. నాకు నచ్చదు. ఏడాదికి 365 రోజులే, తాగుడుకి పోయిన గాయకులు అంతకంటే ఎక్కువ. అభిమానులు కన్నీళ్లు పెట్టుకునే యాదృచ్ఛికం అని చెప్పండి చాలు, మీరు ఏడవకండి.

మీ లిస్టులో మిగతావాటి సంగతి త్వరగా. 2007లో డెల్ రీవ్స్ మరణం, 2013లో ప్యాటీ పేజ్ మరణం, రెండూ జనవరి 1నే, రెండూ నిజమే. డెల్ రీవ్స్‌ని వదిలేయొచ్చు. ప్యాటీ పేజ్‌ని మాత్రం ఒక్క నిమిషం తీసుకోండి, ఎందుకంటే 'టెన్నెసీ వాల్ట్స్' మీ శ్రోతల్లో కొందరైనా ఎక్కడో విని ఉంటారు. ఆమె అచ్చంగా కంట్రీ గాయని కాదు. కానీ ఆ పాట పీ వీ కింగ్, రెడ్ స్టీవర్ట్ అనే ఇద్దరు కంట్రీ వాద్యకారులది. లారీలో ప్రయాణిస్తూ అగ్గిపెట్టె విప్పి దాని మీద సాహిత్యం రాసుకున్నారని చెప్తారు. 1950లో ప్యాటీ పాడాక ఊరూరా మోగింది. 1965లో టెన్నెసీ రాష్ట్ర గీతాల్లో ఒకటైంది.

వరస నేనైతే ఇలా పెడతాను. టౌన్స్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. 1997లో స్మిర్నా, అక్కణ్ణుంచి 'పాంచో అండ్ లెఫ్టీ' పట్టుకుని హాగర్డ్ దగ్గరికి, హాగర్డ్‌తో శాన్ క్వెంటిన్‌కి, చివరికి ఆ నీలం కారు దగ్గరికి. ముందునుంచి వెనక్కి చెప్తే ఒక్కొక్కరి వెనక ఇంకొకరు కనిపిస్తారు. ప్యాటీ పేజ్ మధ్యలో ఎక్కడా ఇమడకపోతే కార్యక్రమం ముగిసి పేర్లు చదివేటప్పుడు వెనక వేయండి. అనుమతుల విషయం మీ రేడియో వాళ్లని అడగండి, పాట మొత్తం వేయడం, కొంత వేయడం రెండింటికీ నిబంధనలు వేరుగా ఉండొచ్చు.

చివరి పాటగా 'యువర్ చీటిన్ హార్ట్' పెట్టండి. 1952 సెప్టెంబర్ 23న, హ్యాంక్ ఆఖరి రికార్డింగులో చేసింది. ఆయన పోయాకే బయటికొచ్చింది. గొంతు కంటే ముందు డాన్ హెల్మ్స్ స్టీల్ గిటారు వస్తుంది, మన పాత సినిమా పాటల్లో హవాయన్ గిటారు లాంటి శబ్దమే, ఇంకొంచెం పదునుగా. అంత్యక్రియల్లో శవపేటిక దగ్గర వాయించినదీ ఆ హెల్మ్సే. మీరు పాట పేరు చెప్పడం అంతకుముందే ముగించేయండి. ఆ స్టీల్ గిటారు మీద మాత్రం మాట్లాడకండి.